బాపు కిటికీకి పరదాలు

పక్షవాతం వచ్చి బాపుకు కుడిపక్క చచ్చుబడింది. మాట ముద్దగా అయింది. దవాఖాన నుంచి అశోక్‌నగర్‌లోని మా కిరాయి ఇంటికి తీసుకొచ్చి, గాలి వస్తుందని ముందుగదిలో కిటికీ పక్కనే మంచం వేశాను. మర్నాటికి గానీ నా తప్పు తెలియలేదు. సందుకు అవతల, సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టల్. వాళ్ల బాల్కనీ మా కిటికీకి పది అడుగుల దూరం కూడా లేదు. అమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే బాపు కళ్లు గట్టిగా మూసుకుని ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఏళ్ల తరబడి బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. చొక్కా లేకుండా కన్నబిడ్డలమైన మా ఎదుటికి కూడా వచ్చేవాడు కాదు.

ఆ సాయంత్రమే నారాయణగూడలో పరదాల దుకాణానికి పోయాను. ఇంట్లో అమ్మ ఒక్కతే. నీళ్లు తాగిస్తుంటే పొలమారితే ఏం చేస్తుందోనని ఫోను చేతిలోనే పట్టుకున్నాను. పూలవి, చారలవి ఎన్నో పరిచారు. ఏదీ కంటికి ఆనలేదు.

“కిటికీ ఎంతుంటదక్కా?” అన్నాడు దుకాణాయన.

కొలవడమే మరిచాను. “మంచమంత ఉంటదన్నా. ఆరడుగులు.”

“అయితే రాడ్ ఏడడుగులది తీస్కో. రెండు దిక్కులా జర ఎక్కువుండాలె. లేకుంటే పక్కలకెళ్లి కనవడ్తది.”

“బయటోళ్లకు నీడ గూడ కనవడొద్దు.”

ముదురు గోధుమరంగు మందపాటి పరదాలు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున దుకాణం మనిషి వచ్చి రాడ్ బిగించి పోయాడు. పరదాలు లాగాను. గది చీకటైంది. ఒక్కసారిగా బాపు మూలిగి, ఎడమచేత్తో మంచంపట్టెను కొట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ పక్షవాతం వచ్చిందనుకున్నాను. అంబులెన్సును పిలవడానికి ఫోను అందుకున్నాను.

అమ్మ ఆయన నోటిదగ్గర చెవి పెట్టింది. “ఆగు బిడ్డా. పరదా తియ్యమంటున్నడు.”

తీశాను. బాపు ఊపిరి నెమ్మదించింది. ఎదురు బాల్కనీలో పిల్లలు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తున్నారు. వాళ్లనే చూస్తూ, “పిల్లలు” అన్నాడు. దవాఖాన నుంచి వచ్చాక నాకు అర్థమైన మొదటి మాట అది. నిల్చున్నచోటే కూలబడి ఏడ్చాను.

మళ్లీ దుకాణానికి పోయి, పగలు ఆయనకు బయట కనబడాలని, బయటివాళ్లకు మాత్రం ఆయన కనబడొద్దని చెప్పాను.

“పల్చటిది కిటికీ దిక్కు, మందంది గది దిక్కు. రెండు రాడ్లు గావాలె,” అన్నాడు దుకాణాయన. “నిన్ననే చెప్తే అయిపోతుండె గదక్కా.”

“నిన్న నాకూ తెల్వదన్నా.”

ఆ తర్వాత ఒళ్లు తుడిచేటప్పుడు, రాత్రి లైటు వేశాక మాత్రమే మందపాటివి లాగేవాళ్లం. మిగతా పొద్దంతా తెల్లటి పల్చటి పరదాలోంచి బాపు హాస్టల్‌ను చూస్తూ ఉండేవాడు. కొన్ని నెలలకు లేచి కూర్చుని, ఎడమచేత్తో తనే పరదా జరుపుకోగలిగాడు. అమ్మకు అది సంబరం. నేను మాత్రం రాడ్ మీద రింగులు గలగలమంటే చాలు, ఏమైందోనని వంటింట్లోంచి ఉరికొచ్చేదాన్ని.