ట్యాంకుకు భోగ్ పెట్టిన తుల్సీరాం

గార్ల పక్కనున్న మా తండా గ్రామపంచాయతీ అయినప్పటి నుంచి తుల్సీరాంకు నిద్ర లేదు. సర్పంచ్ కావాలి. అర్హతలేమిటంటే, ఆయన అరుగు మీద పొద్దున చాయ్, మధ్యాహ్నం మటన్ ఉంటాయి. వాటి చుట్టూ మంగ్యా, అతని జట్టు ఉంటారు. తుల్సీరాం తుమ్మితే "సర్పంచ్ సాబ్ తుమ్మిండు" అని తండా అంతా చాటేవాడు మంగ్యా. వాణ్ని ఆ అరుగు మీద నుంచి లేపడం ఎవరి తరమూ కాదు.

ఓట్లకు ముందు ఏదో ఒకటి చేసి చూపించాలి కదా. పాడుబడ్డ మంచినీళ్ల ట్యాంకును బాగు చేయించాడు. అంతవరకు పుణ్యమే. మా తండాలో శుభం జరిగితే భోగ్ పెడతాం. బెల్లం, బియ్యం, నెయ్యి కలిపి వండి నిప్పుల్లో వేస్తాం. నిప్పుల్లో వేస్తే పక్కనున్న నలుగురికే కనిపిస్తుంది. అదే ట్యాంకెక్కి, గంగమ్మకంటూ నీళ్లలో పోస్తే తండా మొత్తం తలెత్తి చూస్తుంది. తుల్సీరాం ఎక్కి పోశాడు, మంగ్యా ఫోటో తీశాడు. ఫోటో బాగా వచ్చిందని ప్రతి మంగళవారం ఎక్కడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు బిందె లోపల చేయి పెడితే జారేది. నీళ్లు కంపు కొడుతున్నాయని ఆయన భార్య కమ్లీ మొత్తుకుంది. భార్య మాట వింటే ఇక నాయకుడెలా అవుతాడు? చివరకు ఎవరో ఫోన్ చేస్తే మానుకోట నుంచి నీళ్లు పరీక్ష చేసే హరిత వచ్చింది. ట్యాంకు గోడ గీకి, వేలికి అంటిన జిగురు చూపించింది.

"ఇవి కంటికి కనబడని పురుగులు బాపూ. నీళ్లల్ల తిండి లేకుంటే తోకలాడించుకుంట తిరుగుతయి. తిండి దొరికితే గోడకు అతుక్కొని జిగురు కట్టుకుంటయి. బ్లీచింగ్ ఏసినా ఆ జిగురు లోపల్కి దిగదు. రోగం తెచ్చేటియి గూడ ఆ జిగురులనే దాక్కుంటయి. మీ బెల్లంతోనే గింత బలిసినయి."

తుల్సీరాం ముఖం వెలిగిపోయింది. ఎందుకో హరితకు అర్థం కాలేదు, మాకు అర్థమైంది. ఈ శాస్త్రం ఆయనకు కొత్త కాదు, రోజూ అరుగు మీద చేస్తున్నదే.

"అంటే తిండి పెడితే కదలవన్నట్టు! గోడకే ఉంటయి, నీళ్లల్లకు రావు. ఇంకేంది పరేషాన్?"

"గట్ల గాదు బాపూ! ట్యాంకు ఖాళీ చేసి గోడలు రుద్ది కడగాలె. కడగకుంట తిండి ఆపితే, అతుక్కున్నయి ఊడి మళ్ల నీళ్లల్ల పడతయి."

సగమే విన్నాడు. నాయకులకు సగం చాలు. హరిత బండి మలుపు తిరగగానే మంగళవారం భోగ్ కాస్తా రోజువారీ భోగ్ అయింది.

పోలింగ్ దగ్గరపడగానే గెలుపు మొక్కు కోసం కాళేశ్వరం బయల్దేరాడు. మహదేవపూర్‌లో చుట్టాలు పట్టుబట్టి కొన్ని రోజులు ఆపేశారు. ఇక్కడ అరుగు మీద మటన్ లేదు, ట్యాంకులో బెల్లం లేదు. ముందు మంగ్యా జట్టు కదిలింది. ఆయన మీద పోటీకి నిలబడ్డ సోమ్లీ ఇంటి ముందు తేలింది, అక్కడ కోడికూర ఉడుకుతోంది మరి. ఆ వెంటనే నల్లాల్లో జిగురు పెళ్లలు పడ్డాయి. తండాలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

గార్ల దవాఖానలో మంచాలు చాలలేదు. తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకుని వరండాలో కూర్చున్నారు. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పిల్లల ఎండిన పెదాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. హరిత మళ్లీ వచ్చి, దగ్గరుండి ట్యాంకు కడిగించింది. పోలింగ్ నాటికి చాలామంది లేచి తిరిగారు. కమ్లీ మాత్రం ఇంకా సెలైన్ మీదే ఉంది.

తుల్సీరాం ఒక్క ఓటుతో ఓడిపోయాడు. లెక్కింపు నుంచి నేరుగా దవాఖానకు వచ్చి ఆమె మంచం పక్కన కూలబడ్డాడు.

"నువ్వొక్కదానివి లేచొస్తే సమానమైతుండె గదనే! చిట్టీ తీస్తే నాకే వస్తుండె!"

కమ్లీ మెల్లగా ఇటు తిరిగింది.

"లేచొస్తే సోమ్లీకే గుద్దుతుంటి," అంది. "రెండోట్లతోని ఓడుతుంటివి."