చెయ్యి పెట్టి చూడని దవాఖాన

మా పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. గుండెపోటని అందరూ సరిపెట్టుకున్నారు. నేను సరిపెట్టుకోను. ఆమె సంగతి కాస్త మర్యాదగా రాయమని ఇంట్లో వాళ్లు చెప్పారు. నాకు చేతకాదు.

శంషాబాద్ పక్కన మా ఊళ్లో పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఇళ్ల మీదుగా విమానాలు పోతాయి. అయినా మా ఊరి సర్కారు దవాఖానలో మాదిగవాడ వాళ్లమంటే మందు గోళీలు పై నుంచే జారవిడుస్తారు. చేతికి చెయ్యి తగలకూడదు మరి! పెద్దమ్మ ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసేది. నర్సు గోళీలు వదలగానే కావాలనే తన చెయ్యి వెనక్కి లాక్కునేది. అవి నేల మీద పడేవి.

"కిందపడ్డయి. వేరేవి తే. చేతిల పెట్టు," అని అక్కడే నిలబడేది. వెనక లైన్లో వాళ్లు గొణిగితే, "నాక్కూడ డ్యూటీకి టైమైతుంది, జర ఆగుండ్రి" అని కసిరేది. చేతిలో పెట్టించుకున్నాకే కదిలేది. నాకా మొండితనం ఎంత ఇష్టమో!

అసెంబ్లీకి పోయే పెద్దమనిషి ఒకసారి ఓట్లకని మా వాడకొచ్చాడు. పెద్దమ్మ ఆయన్ని పట్టుకుని దవాఖాన సంగతి నిలదీసింది.

"చట్టం ఉంది కదక్కా. ఠాణాకు పోయి కేసు పెట్టు," అన్నాడు.

"జరమొస్తే దవాఖానకు పోవాల్నా, ఠాణాకు పోవాల్నా? రోగినెందుకు తిప్పుతరయ్యా? ముట్టి చూడకుంటే ఆ డాక్టరే జవాబు చెప్పాలె. గట్ల చట్టం తే."

"అసెంబ్లీల అడుగుత," అని మాటిచ్చాడు.

అసెంబ్లీ మొదలైన రోజు పెద్దమ్మ సెలవు పెట్టి టీవీ ముందు కూర్చుంది. ఆయన లేచాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద స్వాగత తోరణం కావాలన్నాడు. కూర్చున్నాడు.

"వీని నోట్ల మన్నుబడ," అంది పెద్దమ్మ. ఇప్పటికీ నాదీ అదే మాట.

పోయిన నెల ఛాతీలో నొప్పంటే అదే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు బల్ల అవతల నుంచే చూసి గ్యాసన్నాడు. స్టెతస్కోపు ఆయన మెడలోనే ఉంది.

"జర చెయ్యి పెట్టి చూడు సారూ," అంది పెద్దమ్మ. ఎన్నడూ ఎవరినీ బతిమాలని మనిషి!

"గోళీలు రాసిన కదా, పో," అన్నాడు.

నొప్పి తగ్గలేదు. ఆటోలో పట్నం దవాఖానకు తీసుకుపోతుంటే బుద్వేల్ దాటకముందే నా ఒళ్లో ప్రాణం విడిచింది. నా కడుపుమంట ఇంతవరకు చల్లారలేదు.

ఇంటి ముందు చీరలు అడ్డం కట్టి ఆమెకు స్నానం చేయిస్తుంటే కారు వచ్చి ఆగింది. ఆ పెద్దమనిషే, దండ పట్టుకొచ్చాడు.

"సారుకు ఫ్లైటుంది. జల్ది గానియ్యుండ్రి," అని ఆయన మనిషి బయటి నుంచి అరిచాడు.

"ఆగుమను," అంది మా అమ్మ.

వాడలోని ఆడవాళ్లంతా పెద్దమ్మ చుట్టూ చేరారు. ఒకరు తల రుద్దుతున్నారు, ఒకరు పాదాలు కడుగుతున్నారు. అమ్మ తన అక్క ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. బయట హారన్ మోగుతూనే ఉంది. అమ్మ చెయ్యి తీయలేదు.