మేనమామ చేతి స్పాంజి

మా మేనమామ సూరత్‌లో మరమగ్గం నడిపేవాడు. సెలవు రోజుల్లో, పెళ్లికూతుళ్లకు మేకప్ వేసే అత్త వెంట పెట్టె మోసుకెళ్లి, పని అయ్యేదాకా గుమ్మం దగ్గర తల దించుకుని కూర్చునేవాడు.

సూరత్‌లోనే అమ్రోలిలో నా పెళ్లిరోజు పొద్దున అత్త మెట్ల మీద జారింది. కుడి మణికట్టు వాచిపోయింది. ముహూర్తానికి రెండు గంటలే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఫౌండేషన్ నువ్వే పెట్టు," అంది అత్త, మామతో.

"నా చేతులు గరుకు. పిల్ల మొహం గీసుకపోతది."

"తాకేది నీ చెయ్యి గాదు, స్పాంజి. నీళ్లల్ల ముంచి మంచిగ పిండు. రుద్దకు, జర మెల్లగ తట్టు."

మామ ఊపిరి బిగబట్టి నా చెంప మీద తట్టాడు. మగ్గం మీద తెగిన పోగును ముడివేసేటప్పుడూ ఆయన అలాగే ఊపిరి బిగబట్టేవాడు. ముక్కు పక్కల నుంచి మెడ దాకా ఎక్కడా గీత కనబడకుండా కలిపాడు. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు బిడ్డా, పోగు తెగుతది!" అన్నాడు.

అత్త నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "నాకన్న మంచిగనే పెట్టినవ్," అంది, కొంచెం కినుకగా.

నెలలో ఆమె చెయ్యి నయమైంది. కానీ పెళ్లిలో నన్ను చూసిన అమ్మాయిలు కాటుకకు అత్తనూ, ఫౌండేషన్‌కు మామనూ అడగడం మొదలుపెట్టారు.