కొంగుకు కట్టిన చెయ్యి

తొంభైల్లో మా పరిశోధన బృందం వాళ్లం మతి చలించే జబ్బులకు వంశంలో మూలం వెతికేవాళ్లం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బుంటే పోయి రక్తం తీసుకొచ్చేవాళ్లం. ఒకసారి కొల్లాపూర్ బస్సులో ఆ రక్తం సీసాల ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒకామె, మీసాలొచ్చిన కొడుకు చెయ్యి తన కొంగుకు కట్టుకుని ఉంది. అతను కిటికీతో గొడవపడుతున్నాడు.

"గా డబ్బల ఏముంది సారూ?"

చెప్పాను. ఆమె వెంటనే గాజులు పైకి నెట్టి చెయ్యి చాపింది.

"మా అన్న గూడ గిట్లనే ఉండె. ఇల్లిడిసి పోయిండు, మళ్ల రాలే. వీణ్ని తిప్పని దర్గా లేదు, చూపియ్యని దవాఖాన లేదు. నాది ఎంత గావాల్నో తీస్కోండ్రి. వీడు మంచిగైతడా?"

"మూలం దొరకడానికే ఏళ్లు పడుతుందమ్మా. మందు ఆ తర్వాతి మాట."

చాపిన చెయ్యి అలాగే ఉంచింది. కుదుపులకు గాజులు ఒక్కొక్కటే మణికట్టుకు జారాయి.

"మా అన్నది వీనికొచ్చిందంటే, నడుమ నేనే గదా సారూ?"

నేను డబ్బా మూత సర్దాను.

దిగేముందు కొంగు ముడి బిగించుకుని, నా చెవి దగ్గరకు వంగింది.

"దొరికితే దొరకనియ్యుండ్రి. నా నుంచి వచ్చిందని మాత్రం వానికి చెప్పకుండ్రి."

ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో రక్తం తీశాను. తల్లి చెయ్యి చాపినప్పుడు మాత్రం ఆ తల్లి మొహం చూడలేకపోయేవాణ్ణి.