నేను చూడని ముప్పావుగంట

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒకటే. రేవు దాటాక ఉండే మా లైబ్రరీ బోర్డు మీద నా చేతిరాతతో ఒక అబద్ధం రెండేళ్లుగా వేలాడింది. మొన్న లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "బోర్డుకి రంగు వేయిస్తున్నామండి. మీ సినిమా సమీక్ష దాచమంటారా, పారేయమంటారా?" అని అడిగారు. పారేయమంటే సరిపోయేది. కానీ కాగితం పోయినంత మాత్రాన చదివినవాళ్ల మనసులోంచి ఆ అబద్ధం పోదు. అందుకని దాన్ని తెచ్చుకుని, ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నా బడి చదువు ఎనిమిదితో ఆగింది. తర్వాత ముప్పై ఏళ్లు కొబ్బరికాయలు ఒలిచాను. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి పని అయిపోయేది, మిగతా పూట లైబ్రరీ. తలుపు పక్క బీరువాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వెళ్లాను. మూడో బీరువాలో పశువైద్యం పుస్తకాలుంటే, ఇంట్లో పశువు లేకపోయినా వదల్లేదు. ఆ చదువు వల్ల ఏ విషయానికైనా కాగితం మధ్యలో గీత కొట్టి ఒక పక్క బలాలు, ఒక పక్క బలహీనతలు రాయడం అలవాటైంది. పెళ్లి భోజనాలకి కూడా అలాగే రాస్తానని మా వదిన ఎగతాళి చేసేవారు.

వదిన పన్నెండేళ్లు కువైట్‌లో ఒకరింట్లో వంట చేసి వచ్చారు. అక్కడ ఆ ఇంటి పిల్లలతో కలిసి టీవీలో సినిమాలు చూసేవారట. కింద అరబ్బీ అక్షరాలతో మన సినిమాలు కూడా వచ్చేవట. కానీ ఆవిడకి ఏ సినిమాకీ చివర తెలియదు. సరిగ్గా ఆ వేళకే వడ్డనకి పిలుపొచ్చేది. "ఎవరు గెలిచేరో పిల్లల్ని అడిగేదాన్నండి. నోట్లో ముద్ద పెట్టుకుని చెప్పేవారు. ఆ భాషే అంతంతమాత్రం, పైగా ముద్దొకటి," అనేవారు. కరెంటు స్తంభం మీద పనిచేస్తుండగా ఎగిరే శక్తి వచ్చిన లైన్‌మన్ కథ కూడా, మొదటి భాగం, అలాగే చూశారు. రెండో భాగం అమలాపురంలో ఆడుతోందని తెలిసి, "ఇదొక్కటైనా చివరిదాకా చూడాలి మరిదిగారూ," అన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం ఆటకి బయల్దేరాం.

మాది లంక. ఆఖరి పడవ ఆరింటికి. మొదటి భాగం రెండు గంటలే కాబట్టి ఇదీ అంతేననుకున్నాను. ఇది మూడు గంటలు దాటింది. కొత్తగా నలుగురు హీరోలు వచ్చారు, ఒక్కొక్కరికి ఒక్కో పాట, ఒక్కో చిన్ననాటి కథ. ఐదయ్యేసరికి మా వరసలో లంకవాళ్లంతా కాళ్లతో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"వదినగారూ, పడవ వెళ్లిపోద్దండి."

"వెళ్లనివ్వండి."

"మరి రాత్రికి?"

"మా చెల్లెలు ఇక్కడే ఉందిగా. మీరు పదండి. ముందా అడ్డం తప్పుకోండి, ఆడి మొహం కనబట్టంలేదు."

నేను తప్పుకుని, బస్సెక్కి, పడవ అందుకున్నాను. ఇంటికి రాగానే సమీక్ష రాయడానికి కూర్చున్నాను. బలాలు: విలన్ కోపానికి కారణం ఉంది, గోదావరి వరదలో పోరాటం మాటలు లేకుండా తీశారు, హీరోకి ఎత్తంటే భయం పట్టుకోవడం కొత్తగా ఉంది. బలహీనతలు: మొదటిది నిడివి, తల్లి పాత్రకి పని లేదు, కొత్తవాళ్ల పేర్లు గుర్తుండవు. ఏడోది ఇది, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "ముగింపు పాతదే. హీరో విలన్‌ని చంపి ఆకాశంలోకి ఎగిరిపోతాడు." చూడకుండానే రాశాను. అన్ని బీరువాలు చదివినవాడికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. ఎర్రసిరాతో గీతలు కొట్టి, ఒక్క కొట్టివేత లేకుండా తెల్లకాగితం మీదికి ఎక్కించాను.

మర్నాడు పొద్దున్న లైబ్రరీకి వెళ్దామని రేవులో నిలబడితే మొదటి పడవలో వదిన దిగారు. గొప్పగా చదివి వినిపించాను. ఆవిడ ఆఖరిదాకా విన్నారు.

"ఎగరలేదండి."

"మరి?"

"శక్తి పోయింది. నడుచుకుంటూ ఇంటికెళ్తాడు. తల్లి తలుపు తీసి అన్నం పెడద్ది. తింటాడు. అంతే."

"విలన్ ఏమయ్యాడండి?"

"ఉన్నాడో పోయేడో. ఆ తల్లి అడగలేదు." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "పేర్లన్నీ అయ్యేక ఇంకో చిన్న ముక్కుందండి. అందరూ లేచిపోయేరు, నేనొక్కదాన్నే చూసేను."

"ఏముంది అందులో?"

"మీరు రాసేసేరుగా."

అప్పుడైనా ఏడో మాట కొట్టేయాల్సింది. అంత అందంగా ఎక్కించిన కాగితం పాడుచేయబుద్ధి కాలేదు. తీసుకెళ్లి బోర్డుకి గుచ్చాను. నాతోపాటు పడవకి లేచి వచ్చినవాళ్లే దాన్ని చదివి, "ముగింపు గురించి బాగా చెప్పేరండి," అన్నారు. ఆయ్ అన్నాను. వదిన ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. నేను ఏం చదివి వినిపించబోయినా మాత్రం, "ఇది చూసే రాసేరా?" అని అడిగేవారు.

కాగితం తెచ్చుకున్న రోజున మా అమ్మాయి ఫోన్ తీసుకుని ఆ ముప్పావుగంటా చూశాను. వదిన చెప్పినట్టే ఉంది. హీరో అన్నం తింటున్నంతసేపూ ఏమీ జరగదు. ఒకసారి ముందుకి జరపబోయి వేలు వెనక్కి తీసుకున్నాను. బలహీనతల్లో మొదటిది నిడివి అని రాశానే, ఆ మూడు గంటల తిరుగుడు లేకపోతే ఆ మనిషికి అంత ఆకలి ఉండదు. తల్లి పాత్రకి పని లేదన్నదీ తప్పే. ఏడోదొక్కటే అనుకుంటే మూడు తేలాయి.

వెళ్లి వదినకి చెప్పాను. ఆవిడ రొయ్యలు ఒలుస్తున్నారు.

"పేర్లయ్యేదాకా కూర్చున్నారా?"

"లేదండి."

"అయితే ఇంకా చూడలేదు."

కాగితం పారేయకుండా ఉంచిన లైబ్రేరియన్ సుజాత గారికి, ఆ రోజు నా కోసం రెండు నిమిషాలు పడవ ఆపిన వెంకన్నకి, ఫోన్ ఇచ్చిన మా అమ్మాయి కెజియాకి, ఆడవాళ్లలో నేనెరిగిన మొదటి విమర్శకురాలు, మా వదిన రూతమ్మ గారికి కృతజ్ఞతలు.

పేర్లయ్యాక ఉన్న ముక్క కూడా చూశాను. తల్లి ఆ కంచం కడిగి బోర్లిస్తుంది. అర నిమిషం ఉంటుందేమో. అక్కడిదాకా రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.