మేస్త్రీ నూరిన ఉలి

ఆ షెడ్డులో చదరపు పని ఆయనది, గుండ్రటి పని ఆమెది. బల్లలు, తలుపులు, బీరువాలు మేస్త్రీ చేస్తాడు. కుర్చీ కాళ్లు, మెట్ల పక్కన నిలబెట్టే కడ్డీలు, అలమరాల పిడులు మేస్త్రీ భార్య లేత్ మీద, అంటే కర్రని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం మీద తిప్పుతుంది. వచ్చేపోయే వాళ్లందరికీ ఆమె లేత్ అక్క. ఆయన చిత్రికను ఆమె ముట్టదు, ఆమె ఉలులను ఆయన ముట్టడు. ఆమె లేత్ పట్టిన కొత్తలో ఒకసారి ఇద్దరికీ పెద్ద మాటామాటా అయి, ఆ తర్వాత నోరు విప్పకుండానే కుదిరిన ఒప్పందం అది.

నిజానికి ఆ లేత్ ఆయన తన కోసం కొనుక్కున్నదే. పాత సామాను కొట్టులో చూసి ముచ్చటపడి, తోపుడు బండి మీద తెచ్చుకున్నాడు. దాంతో పాటు వచ్చిన ఉలుల్లో ఏటవాలు ఉలి ఒకటి ఉంది. దాని అంచు అడ్డంగా తిన్నగా ఉండదు, ఒక పక్కకి వాలి ఉంటుంది, ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి. తిరిగే కర్ర మీద దాన్ని సరిగ్గా ఆనిస్తే పట్టు రిబ్బన్‌లా పొట్టు లేస్తుంది, కర్ర గాజులా నున్నగా వస్తుంది, గరుకు కాగితంతో పనే ఉండదు. పొడుగు కొన కర్రకి తగిలిందా, ఉలి లోపలికి దిగబడి, కర్ర పొడవునా మెలికలు తిరిగిన గాడి పడుతుంది, గుండె నోట్లోకొస్తుంది. మేస్త్రీకి వరసగా అదే జరిగింది. చివరికి ఉలిని గోడకి తగిలించి, దీన్ని కనిపెట్టినవాడు కనబడితే నాలుగు తగిలిస్తానని శపథం చేశాడు.

అప్పుడామె గుమ్మంలో నిలబడి నవ్వింది. కుర్చీలకి నవారు అల్లే పని చేసేది ఆవిడ, లేత్ జోలికి అంతవరకు వెళ్లలేదు.

"మీరు దాన్ని బెదిరిస్తున్నారు. అది అత్తగారి లాంటిది. గౌరవంగా వంగి పక్కన నిలబడాలి, కాస్త ఏమరుపాటుగా ఉన్నా ఊరుకోదు" అంది.

"అంత తెలిసినదానివి నువ్వే తిప్పు" అన్నాడాయన, ఒళ్లు మండి.

తిప్పింది. మొదట్లో ఆమె కూడా కర్రలు పాడుచేసింది, అయితే ఆయనలా అలిగి గోడకి తగిలించలేదు. ఎందుకు దిగబడిందో చూసేది, మళ్లీ ఆనించేది. ఏడాది తిరిగేసరికి ఆమె చేతిలో ఆ ఉలి ఎంత చెబితే అంత వినేది. ఉలిని కొంచెం వాల్చి పట్టుకుని, మణికట్టు ఒక్క రవ్వ తిప్పుతూ, కర్ర మీద పూసల్లాంటి గుండ్రాలు తీస్తుంటే మేస్త్రీ తన పని మానేసి చూసేవాడు. ఆయన పెళ్లాన్ని ఎదురుగా పొగిడే రకం కాదు. షెడ్డుకొచ్చిన వాళ్లతో మాత్రం, మా ఇంట్లో ఆవిడ తిప్పిన కర్రని కళ్లు మూసుకుని తడమండి, అనేవాడు.

సానపట్టడంలోనూ ఆమె పద్ధతి ఆమెదే. ఉలి రెండు ముఖాలకీ మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, సాన చక్రం మీద తేలిగ్గా తాకించి, నలుపు ఎక్కడ పోయిందో చూసేది. పైనుంచి అంచు దాకా ఒక్కటే వాలు, నడుమ ఎక్కడా విరుపు ఉండకూడదు. రెండు ముఖాలూ కవల పిల్లల్లా ఉండాలి. ఆ వాలే కర్ర మీద ఆనుకుని అంచుకి ఆసరా ఇస్తుందని, ఆసరా లేని అంచు ఎంత పదునైనా తోవ తప్పుతుందని ఆమె చెబుతుంటే, మేస్త్రీ సగం విని ఊ కొట్టేవాడు. అలా ఊ కొట్టినందుకు తర్వాత బాగానే అనుభవించాడు.

ఒకరోజు అటక మీది చెక్క తీయబోయి ఆమె స్టూలు మీంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. గాలి ఆడని గదిలో బంధించినట్టుగా ఉందని విసుక్కునేది. షెడ్డులో లేత్ మోగకపోతే మేస్త్రీకీ ఏమీ తోచలేదు. ఆమెకేదైనా సంతోషం కలిగించే పని చేద్దామనుకున్నాడు. పాపం, ఆయనకి తెలిసిన సంతోషం ఒక్కటే, పదును పెట్టడం. ఒక మధ్యాహ్నం ఆమె ఏటవాలు ఉలి దించి, నూనె రాయి మీద తన చిత్రిక బ్లేడుకి చేసినట్టే శ్రద్ధగా నూరాడు. చివర్లో ఉలిని ఒక్క రవ్వ పైకెత్తి, రెండు వైపులా అంచు దగ్గర సన్నటి రెండో వాలు కూడా పెట్టాడు. వడ్రంగులందరూ పదును నిలవడానికి అలాగే పెడతారు. చేతి మీది వెంట్రుకలు గొరిగి చూసుకుని, తృప్తిగా తిరిగి దాని మేకుకే తగిలించాడు. ఆమెకి చెప్పలేదు. తనంతట తను చూసి ఆశ్చర్యపోతుందని ఆయన ఆశ.

కట్టు విప్పారు. మణికట్టు మునుపటంత తిరగకపోవచ్చని, అయినా వాడుతూ ఉండమని డాక్టరు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఆమె లేత్ ముందు నిలబడింది. ఉలి అంచుని బొటనవేలితో చూసింది, పదునుగానే ఉంది. మోటారు వేసి, అలవాటు చొప్పున వాలుని కర్ర మీద ఆనించింది. ఉలి జారిపోతోంది గాని కర్ర తెగడం లేదు. పిడి కొంచెం ఎత్తింది. ఇంకొంచెం ఎత్తింది. అంతే, దభీమని దిగబడింది. కర్ర పొడవునా మెలికల గాడి.

మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే. మోటారు ఆపేసి ఆమె ఉలి వైపు చూడలేదు, తన చెయ్యి వైపు చూసుకుంది.

"చెయ్యి మాట వినడం లేదండీ" అంది.

"కొత్త కదా, నాలుగు రోజులు పోనీ" అన్నాడాయన. ఆయన కూడా చేతిదే లోపమనుకున్నాడు.

నాలుగు రోజులూ పోయాయి. రోజూ పొద్దున జారడం, ఎత్తడం, దిగబడటం. ఆ తర్వాత ఆమె లేత్ మీద పాత దుప్పటి కప్పేసి, ఆయన చేసిన బల్లలకి పాలిష్ రుద్దడం మొదలుపెట్టింది. మాట తగ్గింది. ఆడపడుచు చూడ్డానికొచ్చి, "పోన్లే వదినా, ఇన్నేళ్లు కష్టపడ్డావు, ఇక హాయిగా కూర్చో" అంటే, "కూర్చోవడం నాకు రాదు అమ్మడూ, ఇప్పుడు నేర్చుకోవాలి" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక మేస్త్రీ తన పని బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒక హాస్టలు పాత మెట్ల దారికి విరిగిన కడ్డీల బదులు కొత్తవి తిప్పి ఇస్తానని ఆయన ముందే ఒప్పుకుని ఉన్నాడు.

"బయటెవరికైనా ఇచ్చేయండి. లేత్ కూడా వాళ్లనే తీసుకుపొమ్మనండి. కళ్లెదురుగా ఉంటే నాకు బాగుండటం లేదు" అందామె.

ఆయన కాదనలేకపోయాడు. ఊరవతల లేత్ పని చేసే టర్నరు ఒకాయన ఆదివారం వచ్చి లేత్ చూసుకుంటానన్నాడు.

శనివారం ఆమె ఆడపడుచు ఇంటికి వెళ్లింది. మేస్త్రీ దుప్పటి తీసి, కనీసం ఆ కడ్డీలైనా తనే తిప్పుదామని మొండికేశాడు. ఏటవాలు ఉలి ఆనించాడు. జారింది, ఎత్తాడు, దిగబడింది. నాకు ఎప్పుడూ ఇంతేగా అనుకున్నాడు. భయమేసి, సొరుగులో పడున్న చిన్న ఏటవాలు ఉలి తీశాడు. అరిగిపోయిందని ఆమె ఎప్పుడో పక్కన పడేసినది, ఆమె పట్టిన సాన అలాగే ఉంది. కర్ర మీద పెట్టాడో లేదో, పొట్టు రిబ్బన్‌లా లేచి ఆయన మోచేతి మీద పడింది.

మేస్త్రీ మోటారు ఆపేశాడు. తన మొరటు చేతిలో కూడా ఇది కర్రని కోసింది. తను నూరినది మాత్రం ఆమె చేతిలో కూడా కొయ్యలేదు. రెండు ఉలుల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. పెద్దదాని అంచు వెంట, తన చేత్తో పెట్టిన సన్నటి రెండో వాలు తళతళలాడుతోంది. వాలు కర్ర మీద ఆనినా అంచు కర్రకి అందదు, అందించాలని ఎత్తితే ఆసరా పోతుంది. ఆమె చెప్పిన మాట, తను ఊ కొట్టిన మాట.

చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు. ముట్టకూడనిది ముట్టాడు, ఇన్నాళ్లు ఆమెను ఏడిపించాడు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఉలి సరిచేశాక కూడా చెయ్యి రాకపోతే, ఆమె రెండోసారి విరుగుతుంది. ఆ సాయంత్రం ఆమె చెప్పులు విడవకముందే, ఇక ఆగలేక అంతా చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు. ఉలి తీసుకుని, రెండు ముఖాలకీ మార్కర్‌తో నలుపు పూసి, వాలుని రాయి మీద చదునుగా ఆనించి రుద్దింది. నలుపంతా పోయింది, ఆయన పెట్టిన రెండో వాలు రాయికి అందక, అంచు వెంట మాత్రం దారంలా మిగిలింది. చాలాసేపు ఆ దారాన్నే చూసింది.

"నేను పట్టుకోనా?" అన్నాడాయన.

"మేస్త్రీగారు దయచేసి చేతులు వెనక్కి పెట్టుకుంటే చాలు."

సాన చక్రం వేసింది. కుడి చెయ్యి బిగుసుకుపోయే ఉంది, అందుకని ఎడమ చేత్తో బరువు మోస్తూ, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ, ఆ రెండో వాలు ఆనవాలు లేకుండా అరగదీసింది. రాయి మీద నున్న చేసింది. హాస్టలు కడ్డీకి కోసిన చెక్క బిగించి మోటారు వేసింది. వాలు ఆనింది. పిడి రవ్వంత ఎత్తింది.

చప్పుడు ముందు మారింది. గరగర పోయి, సన్నగా బుస్సుమంది. పొట్టు ఆమె మణికట్టు మీదుగా పారుతూ నేల మీద పోగుపడింది. గుండ్రం దగ్గరికొచ్చేసరికి మణికట్టు తిరగలేదు. ఆమె మోచేతిని పక్కకి ఆనించి, నడుముతో సహా ఒళ్లంతా కదిలించింది. గుండ్రం మునుపటంత ముద్దుగా రాలేదు, కాస్త మందంగా వచ్చింది. వచ్చింది.

మోటారు ఆపి, ఆమె ఎడమ చేత్తో కుడి మణికట్టుని నిమిరింది.

"ఇన్నాళ్లూ దీన్నే తిట్టుకున్నాను. పాపం, దీని తప్పేం లేదు" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తల దించుకున్నాడు.

"రేపు వచ్చే ఆయనకి ఏం చెప్పమంటావు?"

"కబురు పంపండి, రావద్దని. పాలిష్ కూడా మీరే రుద్దుకోండి."

తర్వాత ఆమె ఉలిని మేకుకి తగిలించలేదు. పిడి ఆయన వైపు తిప్పి చాపింది.

"రండి, ఇక్కడ నిలబడండి. సాన పట్టడం నేర్పిస్తాను. మళ్లీ ఎప్పుడైనా నా మీద ప్రేమ పుట్టుకొస్తే, ఒక్క వాలుతో పుట్టాలి."