నిలబెట్టినవి, పడుకోబెట్టినవి

మొన్న మార్కాపురంలో రాళ్లు చెక్కే మేస్త్రీ షెడ్డుకి వెళ్లి, వరసగా ఉన్న నల్లరాళ్లను వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాను. మూడో రాయి ఖంగుమంది. ఆ మోత వినగానే సువార్తమ్మత్త వక్కాకు వాసన ముక్కుకు తగిలినట్టయింది. మేస్త్రీ నవ్వి, "మీరు పలకలోళ్లేందమ్మా?" అన్నాడు. "నేను కాదు, మా అత్త" అన్నాను.

సువార్తమ్మత్త మా నాయనకు అక్క. నా ఐదో ఏట అమ్మ చనిపోతే నన్ను తెచ్చుకొని పెంచింది. ఆమెకు పిల్లలు లేరు, పెళ్లయిన రెండేళ్లకే మామ పోయాడు. మార్కాపురంలోనే బడిపిల్లల రాతిపలకలు చేసే షెడ్డులో మంచివీ చెడ్డవీ ఏరడం ఆమె పని. ఒక్కో పలకనూ కణుపుతో కొట్టేది. ఖంగుమంటే గోడకు ఆనించి నిలబెట్టేది. డొప్పుమంటే కంటికి కనపడని చీలిక ఏదో ఉన్నట్టు. దాన్ని నేల మీద పడుకోబెట్టేది. బడి వదిలాక నేను అక్కడే కూర్చొని చదువుకునేదాన్ని. ఒకరోజు సాయం చేద్దామని నాలుగు పలకలు కొట్టకుండానే నిలబెట్టేస్తే నెత్తిన ఠంగుమని మొట్టికాయ పడింది. "చూస్తే ఏం తెలుస్తదే? అడుగు. అదే చెప్తది" అంది.

డెబ్బై దాటాక అత్త మోకాళ్లు మొరాయించాయి. అదే సమయానికి, అద్దెకున్న ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటానన్నాడు ఓనరు. మూడు గదులూ పెరడూ వదిలి, గిద్దలూరులో మా ఇంటి వెనకున్న ఒంటి గదికి రమ్మన్నాం. ఎంత బతిమాలినా ఆమెది ఒకటే మాట: "మూలన కూర్చోబెట్టి కంచం ముందర పెడతారు. అట్లయితే నేను రాను." చివరికి ఒక షరతు మీద దిగొచ్చింది. ఏది తేవాలో ఏది వదలాలో తనే ఏరుతుందట. సరేనన్నాను. సరే అనడానికి నా సొమ్మేం పోయింది!

రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. అత్త పీట వేసుకొని కూర్చొని గిన్నె గిన్నెనూ తట్టి, తిప్పి చూసి, ఆలోచించి, పక్కన పెడుతోంది. పొద్దున మొదలుపెడితే పది గంటలకు వంటగది సగం కూడా కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇట్ల కొట్టుకుంటా కూర్చుంటే క్రిస్మస్ దాకా అయితదత్తా!"

"నీకు బస్సు టైమయితే నువ్వు పో. నిన్నెవరు పట్టుకున్నారు?"

మధ్యాహ్నం అన్నం తిని ఆమె కునుకు తీసింది. గోడ వారగా పీట, చేట, రోకలి, సొట్టలు పడిన ఇత్తడి పళ్లెం, అట్ల పెనం ఆనించి ఉన్నాయి. నేల మీద మేం కొనిచ్చిన స్టీలు పళ్లేలు, గోడ గడియారం, అట్టపెట్టె కూడా విప్పని మిక్సీ పడుకోబెట్టి ఉన్నాయి. కొత్తవి తీసుకుపోవడానికి పరిచిందనీ, పాతవి గోడకు నెట్టేసిందనీ అనుకున్నాను. వీధిలో పాత సామాన్ల బండి కేక వినపడగానే పిలిచి గోడ వారవన్నీ ఎత్తించేశాను. పని సగం తెమిలిందని సంబరం కూడా పడ్డాను.

అత్త లేచి గోడ వంక చూసింది. "ఈడ నిలబెట్టినవి ఏవే?"

"బండోడికి ఇచ్చేసినా. పాతవే గదత్తా."

అత్త మెల్లగా అంది: "ఆ షెడ్డులో పెరిగినదానివి. నిలబెట్టింది ఉంచుకునేదని నీక్కూడా నేను చెప్పాల్నా?"

తిట్టినా బాగుండేది.

"సామాను పోతే పోయిందిలేవే. రేపు మీ ఇంట్లో నన్నెట్ల పెడతావు? నిలబెడతావా, పడుకోబెడతావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే ఆటో ఎక్కి బండి కోసం వీధి వీధీ తిరిగాను. బస్టాండు వెనక దొరికింది. పీట తప్ప అన్నీ తెచ్చాను. పీటను అప్పటికే ఎవరో అడిగి పట్టుకుపోయారట. మర్నాడు అత్త మళ్లీ మొదటి నుంచి ఏరింది. ఈసారి ఆమె చేయి చూపిన చోటల్లా నేను పెట్టాను.

మా ఆయన కొత్త పీట చేయిస్తే తట్టి చూసి "డొప్పుమంటాంది" అని మూతి విరిచింది. విరిచి, దాని మీదే కూర్చొని రెండేళ్లు మా వంటిల్లు ఏలింది. చింతపండు గింజ తీయడం, బియ్యం ఏరడం, నా వంటకు వంకలు పెట్టడం, అన్నీ ఆమెవే. "ఊరికే కూర్చో అత్తా" అనే మాట ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగేశాను. ఇప్పటికీ మా అమ్మాయి బల్ల మీద చిత్తుకాగితం తీయాలన్నా ముందు దాన్ని అడుగుతాను. నా చాదస్తానికి అది నవ్వుతుంది, నవ్వుకోనీ.

పోయిన వానాకాలంలో అత్త నిద్రలోనే పోయింది.

మేస్త్రీ నేనెంచిన రాయిని కొలుచుకొని, "సమాధి మీద పరిస్తే పని తేలికమ్మా, ఖర్చు కూడా తగ్గుతది. పరిచేద్దామా?" అన్నాడు.

రాయిని ఇంకోసారి కొట్టి విన్నాను.

"వద్దు నాయనా. తలకాడ నిలబెట్టు."